పోయిన తేది

మా రిజిస్టర్లో రెండు గళ్ళు.
ఒకటి వచ్చిన తేది, ఒకటి పోయిన తేది.
ఆ రెంటి మధ్యనుండే సన్న గీత మీదే
పదకొండేండ్లుగా నా ఉద్యోగం.

శింగనమల రోడ్డు పక్కన రేకుల షెడ్డు.
కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు ట్రాక్టర్లెక్కి వస్తాయి
నల్లగా నూనె కారుతా,
పెండ్లి బంతిలోంచి లేపేసిన పెద్దమనుషుల మాదిరి
మూతులు ముడుచుకొని.
వాటెనకాలే దిగుతారు మనుషులు.
ఎవరూ మొదట ట్రాన్స్‌ఫార్మర్ సంగతెత్తరు.
"అన్నం తిన్యావా మేడం" అంటారు.
తర్వాత గోడ మీది బోర్డు చూస్తారు:
నలభై ఎనిమిది గంటల్లో మార్చబడును.
ఆ 'బడును'లో మనిషెవరూ లేరు.

మా అవ్వ చెప్పేది,
ఒక కాలంలో ఊరూరా తలుపుల మీద
సున్నంతో 'రేపు రా' అని రాసినారంట.
దయ్యం వచ్చి, చదువుకొని,
తిరిగి పోతా ఉండేదంట రోజూ.
చేరిన కొత్తలోనే నాకర్థమయ్యింది
ఆ సున్నం డబ్బా తర్వాత ఏ ఆఫీసుకు చేరిందో.
దయ్యాలకైతే చదువొచ్చు.
కుళ్ళాయప్పకు రాదు.
అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చినాడు.

ఆ ఏప్రిల్లో నేనొక చీటీ రాసినాను:
'ఆయిల్ డ్రమ్ము, అనంతపురం స్టోరుకు ఫోన్.'
రాసి, బల్ల అద్దం కింద పెట్టినాను.
రాస్తే పనైపోయినట్టే అనిపించే జబ్బొకటుంది,
అది నాకుండేది.
సోమవారం స్టోరోళ్ళు "పంపుతాం" అన్నారు.
మంగళవారం వాళ్ళ మాట మీద తలబెట్టి పడుకున్నాను.
బుధవారం మీటింగు. గురువారం మా పాపకు జ్వరం.
శుక్రవారానికి ఆ మాట ఎవరన్నదో
ఎవరికీ గుర్తులేదు.

కాయిలు చుట్టి, కోర్ బిగించి
అన్నీ అయిన ట్రాన్స్‌ఫార్మర్
నూనె కోసం పన్నెండు దినాలు
నోరు తెరుచుకొని కూర్చుంది.

పదమూడో దినం కుళ్ళాయప్ప అరవలేదు.
తువ్వాల విప్పి రిజిస్టరు మీద పోసినాడు
గోళీలంత చీనీ పిందెలు,
కదిలిస్తే గలగలమనేంత ఎండినవి.
"రెండొందల ఎనభై చెట్లు మేడం,
యాడన్నా రాసుకో."

నా రిజిస్టర్లో దానికి గడి లేదు.

షెడ్డులో పాత ఫోర్మన్ దాదాఖలందర్
కింద దొర్లిన పిందెలేరి డబ్బాలో వేస్తా అన్నాడు:
"అడిగినోడు రెండోసారి అడిగినాడంటే
తప్పు వానిది కాదమ్మా.
ఎద్దు కదిలిందని పగ్గం వదిలితే
సాలు వంకర పోతాది."

అప్పట్నుంచి నేను మనిషిని కాదు, తుమ్మబంకను.
స్టోరోళ్ళు పెట్టిన పేరది.
"పంపుతాం" అంటే "ఏ బండిలో?" అంటాను.
"రేపు" అంటే "ఎన్ని గంటలకు?"
"డ్రైవర్ నారప్పకు చెప్పినాం" అంటే
నారప్పకే చేస్తాను ఫోను,
బుక్కరాయసముద్రం దాటినాక మళ్ళీ చేస్తాను.
"టీ అన్నా తాగనియ్యవా తల్లీ" అంటాడు.
తాగు నాయనా,
గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు వినపడాల.

చీటీలు మానేసినాను.
పని మొదలైతే డబ్బాలోంచి ఒక పిందె తీసి
బల్ల మీద పెడతాను,
ముగిసినాక మళ్ళీ డబ్బాలోకి.
ఏఈ సారు అడిగితే
"పేపర్ వెయిట్లు సార్" అంటాను.

ఇంత చేసీ నేను గెలిచిందేం లేదు.
నిరుడు రెండు ఆలస్యమైనాయి.
ఒకదానికి కారణముంది. ఒకదానికి లేదు.
ఆ లేనిదే రాత్రిళ్ళు గుర్తుకొస్తాది.

ఈ దినం ఐదుంపావుకు
నార్పల నుంచి లైన్‌మన్.
"ఎక్కించినాం మేడం, వినండి" అని
ఫోను బోరు మూతి దగ్గర పెట్టినాడు.
మొదట గాలి. దగ్గు.
తుప్పు గొణుగుడు.
తర్వాత నీళ్ళు.

పోయిన తేది గడిలో
ఈ దినం తేది రాసినాను.
ఒక పిందె లోపలికి పోయింది.

బల్ల మీద ఇంకా మూడున్నాయి.
షట్టరు సగం దించి, ఒక కాలికి చెప్పేసుకొని,
నిలబడే స్టోరుకు కలిపినాను.

రింగవుతా ఉంది.